అణు విద్యుత్ కేంద్రానికి దగ్గర్లో ఉంటున్నారా? మీ ఇంటి ఎమర్జెన్సీ ప్లాన్ ఇలా వేసుకోండి

కల్పాక్కం, తారాపూర్, కైగా, కూడంకుళం, రావత్‌భాటా లాంటి చోట్లకి ఉద్యోగరీత్యా వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. "ప్లాంట్‌లో పెద్ద ప్రమాదం జరిగితే ఏం చేస్తారు?" అని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటే: "బండెక్కి వెళ్ళిపోతాం." చాలా సందర్భాల్లో మొదటి కొన్ని గంటలు తలుపులు వేసుకుని ఇంట్లో ఉండడమే మంచిది. ఊరు వదలాల్సి వస్తే మాత్రం పసిపిల్లలతో, మంచం పట్టిన పెద్దవాళ్ళతో ఎలా కదలాలో ముందే అనుకుని ఉండాలి. ఇంట్లో అందరూ కూర్చుంటే ఒక ఆదివారం మధ్యాహ్నంలో తేలిపోయే పని ఇది. ఎలాగో చూద్దాం.

ముందు ఈ సంగతి అర్థం చేసుకోండి: టైమ్ ఉంటుంది

రియాక్టర్‌ని ఆపేసినా లోపలి ఇంధనంలో వేడి పుడుతూనే ఉంటుంది. కట్టెలపొయ్యి ఆర్పాక కూడా బొగ్గులు కణకణలాడుతున్నట్టే. ఆపిన క్షణంలో ఆ వేడి పూర్తి సామర్థ్యంలో 6-7 శాతం దాకా ఉంటుంది, తర్వాత తగ్గుతూ వస్తుంది. దాన్ని తీసేయాలంటే నీళ్ళు తిరుగుతూ ఉండాలి, నీళ్ళు తిరగాలంటే పంపులు నడవాలి. బయటి కరెంటు పోయి, డీజిల్ జనరేటర్లు కూడా మొరాయించి, వేరే దారిలో నీళ్ళు పంపడం కూడా కుదరకపోతే ఇంధనం కరగడం మొదలవుతుంది. దాని జిర్కోనియం తొడుగు ఆవిరితో కలిసి హైడ్రోజన్ వాయువు పుడుతుంది. తీవ్ర ప్రమాదం అనేది ఇదే.

ఇదంతా సాధారణంగా ఒక్క నిమిషంలో జరిగిపోదు. 2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం వచ్చింది మధ్యాహ్నం 2:46కి. ఫుకుషిమా దాయిచీ ఒకటో యూనిట్‌లో హైడ్రోజన్ పేలింది మర్నాడు మధ్యాహ్నం 3:36కి. మధ్యలో ఒక రోజు ఉంది. మన దేశంలో 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో టర్బైన్ బ్లేడ్లు విరిగి మంటలు లేచాయి, కేబుళ్ళు కాలిపోయాయి, దాదాపు 17 గంటలు ఆ యూనిట్‌కి కరెంటు లేదు. అక్కడి సిబ్బంది మంటలార్పే డీజిల్ పంపులతో స్టీమ్ జనరేటర్లకి నీళ్ళు అందించి ఇంధనం దెబ్బతినకుండా కాపాడారు. రేడియేషన్ బయటికి రాలేదు. ఆ రాత్రి పనిచేసిన వాళ్ళ గురించి మన పిల్లలకి చెప్పాలి.

చెర్నోబిల్ దీనికి మినహాయింపు. 1986 ఏప్రిల్ 26 అర్ధరాత్రి దాటాక 1:23కి రియాక్టర్ ఒక్కసారిగా పేలిపోయింది. అక్కడ కూడా పక్కనున్న ప్రిప్యాత్ పట్నంలోని దాదాపు 49,000 మందిని తరలించింది మర్నాడు మధ్యాహ్నం, అంటే దాదాపు 36 గంటల తర్వాత. ఆ సమయమంతా పిల్లలు వీధుల్లో ఆడుకున్నారు. కబురు అంది ఉంటే, తలుపులు వేసుకుని ఇంట్లో కూర్చున్నా వాళ్ళకి ఎంతో మేలు జరిగేది.

మీ ఇల్లు ఎంత దూరం, ఏ దిక్కు?

ఫోన్‌లో మ్యాప్ తెరిచి ప్లాంట్ నుంచి మీ ఇంటికి, పిల్లల స్కూలుకి, మీ ఆఫీసుకి సూటిగా దూరం కొలవండి. మన దేశంలో రియాక్టర్ చుట్టూ కనీసం 1 కి.మీ. మేర జనం నివసించకూడదు. 16 కి.మీ. వరకు బయటి ప్రజల కోసం ఎమర్జెన్సీ ప్లాన్ ఉండాలి. ఆ ప్రాంతాన్ని దిక్కుల వారీగా సెక్టార్లుగా విడదీస్తారు. మీది ఏ సెక్టారో తహసీల్దార్ ఆఫీసులో అడిగి, కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి.

దూరం ఒక్కటే చూసుకుంటే సరిపోదు, గాలి ఎటు వీస్తోందన్నది కూడా ముఖ్యమే. ఫుకుషిమాలో 20 కి.మీ. వరకు ఖాళీ చేయించారు. ఈతాతే అనే గ్రామం ప్లాంట్‌కి వాయవ్యంగా దాదాపు 40 కి.మీ. దూరంలో, అంటే ఆ హద్దుకి బయట ఉంది. మార్చి 15న గాలి అటు తిరిగింది, వానా మంచూ పడి గాలిలో ఉన్నదంతా నేలకి దిగింది. ఆ ఊరిని ఖాళీ చేయాలని ప్రకటించేసరికి ఏప్రిల్ 22 వచ్చింది. నామియే పట్నం నుంచి కొందరు ప్లాంట్‌కి దూరంగా వెళ్ళామనుకుని త్సుషిమా అనే చోట తలదాచుకున్నారు. గాలి కూడా సరిగ్గా అటే వెళ్ళింది. గాలి అంచనాలు ప్రభుత్వం దగ్గర ఉన్నా వాళ్ళకి చేరలేదు.

కాబట్టి వెళ్ళే దారులు కనీసం రెండు, వేర్వేరు దిక్కుల్లో అనుకోండి. కల్పాక్కంలో ఉన్నవాళ్ళకి ఉత్తరాన ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్) మీదుగా మహాబలిపురం, చెన్నై ఉన్నాయి. పడమర తిరుక్కళుకున్రం మీదుగా చెంగల్పట్టు. దక్షిణాన పుదుచ్చేరి దారి. సముద్రతీరం కాబట్టి పగలు గాలి ఎక్కువగా సముద్రం నుంచి నేల మీదికి, రాత్రి నేల నుంచి సముద్రం మీదికి వీస్తుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో తీరు మారుతుంది. ఆ రోజు ఏ దారి పట్టాలో అధికారులు చెబుతారు. మూడు దారులూ మీకు ముందే తెలిసి ఉంటే చాలు.

ఎవరి మాట వినాలి?

ప్లాంట్ ఎమర్జెన్సీ అంటే సమస్య ప్లాంట్ వరకే. సైట్ ఎమర్జెన్సీ అంటే ఆ ప్రాంగణం మొత్తానికి. ఆఫ్‌సైట్ ఎమర్జెన్సీ అంటే బయటి జనానికి కూడా సంబంధించింది. ఈ మూడోదాంట్లో ప్లాంట్ అధికారుల సలహాతో నిర్ణయం తీసుకునేది, జనాన్ని కదిలించేది జిల్లా కలెక్టర్. మొదటి రెండు మాటలు టీవీలో కనబడగానే సూట్‌కేసు సర్దనక్కర్లేదు.

బ్యాటరీతో నడిచే చిన్న రేడియో ఒకటి కొనండి. ఫోన్‌లో ప్రభుత్వ ఎమర్జెన్సీ అలర్టులు ఆఫ్‌లో ఉన్నాయేమో సెట్టింగ్స్‌లో చూసుకోండి. జిల్లా విపత్తుల కంట్రోల్ రూమ్ నంబరు 1077, అత్యవసర సాయానికి 112. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఇప్పుడే ఒక నియమం పెట్టుకోండి: ఆ రోజు ఆ గ్రూపులో ఫార్వర్డ్‌లు ఉండవు, "నేను ఎక్కడున్నాను, బాగున్నాను" అన్న మెసేజ్‌లు మాత్రమే. కాల్స్ కలవని చోట కూడా ఎస్సెమ్మెస్ చాలాసార్లు వెళ్తుంది.

లోపల ఉండమన్నప్పుడు

ఈ భాగం నెమ్మదిగా చదవండి, అవసరం పడేది ఎక్కువగా ఇదే. ప్రమాదంలో బయటికొచ్చేది ముఖ్యంగా వాయువులు, కంటికి కనబడనంత సన్నని ధూళి. ఆ ధూళి మేఘం మీ ఊరి మీదుగా వెళ్ళే కొన్ని గంటలు దాన్ని పీల్చకుండా, ఒంటి మీద పడకుండా చూసుకోవాలి. సగం దారిలో ట్రాఫిక్‌లో ఇరుక్కుని కారు అద్దాల వెనక కూర్చోవడం కంటే స్లాబు ఇంట్లో లోపలి గది ఎంతో నయం.

ఇంట్లో ఏ గది అని ఇప్పుడే ఎంచుకోండి. బయటి గోడలు తక్కువగా, కిటికీలు తక్కువగా ఉన్న గది. అపార్ట్‌మెంట్ అయితే పై అంతస్తు కంటే మధ్య అంతస్తు నయం. పెంకుటిల్లు, రేకుల షెడ్డు, తాటాకు ఇల్లు అయితే దగ్గర్లోని స్కూలు బిల్డింగో, తుఫాను షెల్టరో, పక్కింటి స్లాబు ఇల్లో మాట్లాడి పెట్టుకోండి. "అలాంటి రోజు వస్తే మీ ఇంటికి వస్తాం" అని ముందే అడగడంలో మొహమాటం ఏమీ లేదు.

కబురు రాగానే కిటికీలు, వెంటిలేటర్లు, తలుపులు మూయండి. ఏసీ, కూలర్, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆపేయండి. తలుపు కింద సందులో తడిపిన తువాలు పెట్టండి. బిందెలు, డ్రమ్ముల మీద మూతలు పెట్టండి. వండిన అన్నం, కూరలు మూసి ఉంటే నిశ్చింతగా తినొచ్చు. కుక్కనో పిల్లినో లోపలికి తెచ్చుకోండి. గేదెలుంటే కొట్టంలోకి తోలి, గడ్డివాము మీద టార్పాలిన్ కప్పండి. కప్పడం కుదరకపోతే పై పొర పక్కన పడేసి లోపలి గడ్డి వేయండి. వీటికోసం బయట తిరుగుతూ ఉండకండి, హెచ్చరిక వచ్చిన మొదటి నిమిషాల్లోనే ముగించండి.

ఆ సమయంలో ఎవరైనా పొలం నుంచో డ్యూటీ నుంచో ఇంటికొస్తే ఇలా చేయండి. దారిలో తడి తువాలు గానీ పంచె, చీర కొంగు గానీ ముక్కుకీ నోటికీ అడ్డంగా కట్టుకోమనండి. వచ్చాక వరండాలోనే చెప్పులు విడవాలి. పై బట్టలు దులపకుండా, లోపలి వైపు బయటికి వచ్చేలా మెల్లగా మడుస్తూ తీయాలి. తల మీదుగా లాగే చొక్కా అయితే కత్తిరించేయడమే మేలు, లేకపోతే ఆ ధూళి ముఖానికి రాసుకుంటుంది. ఆ బట్టల్ని ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి కట్టి మనుషులు తిరగని మూల పెట్టాలి. ఒంటి మీద పడిన ధూళిలో చాలా భాగం, 90 శాతం వరకు, బట్టలతోనే పోతుంది. తర్వాత గోరువెచ్చని నీళ్ళతో, సబ్బుతో స్నానం. పీచుతో గట్టిగా రుద్దకూడదు, చర్మం గీరుకుపోతే ధూళి లోపలికి వెళ్తుంది. జుట్టుకి షాంపూ చాలు, కండిషనర్ వద్దు, అది ధూళిని జుట్టుకే అంటిపెడుతుంది. ముక్కు చీదాలి, చెవులు, కనురెప్పలు తడిగుడ్డతో తుడవాలి. ఆ తర్వాత ఆ మనిషిని దగ్గరికి తీసుకోవచ్చు, పిల్లల్ని ఎత్తుకోనివ్వొచ్చు. రేడియేషన్ అంటువ్యాధి కాదు. ఫుకుషిమా నుంచి వేరే ఊళ్ళకి వెళ్ళిన పిల్లల్ని స్కూళ్ళలో తోటి పిల్లలు ఏడిపించి బాధపెట్టారు. మన ఊళ్ళో అలా జరగకూడదు.

ఇలా ఇంట్లో ఉండడం కొన్ని గంటల మాట, మహా అయితే ఒకటి రెండు రోజులు. అంతకు మించి ఉండాల్సి వస్తే తరలిస్తారు.

అయోడిన్ మాత్రలు: ఎప్పుడు, ఎంత

థైరాయిడ్ గ్రంథి అయోడిన్‌ని పట్టి ఉంచుతుంది. ప్రమాదంలో వచ్చే రేడియోధార్మిక అయోడిన్-131ని కూడా అలాగే పట్టేస్తుంది. ముందే మంచి అయోడిన్‌తో నింపేస్తే అది చేరడానికి చోటుండదు. అందుకే పొటాషియం అయోడైడ్ మాత్ర.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మోతాదు: 12 ఏళ్ళు దాటినవాళ్ళకి 130 మి.గ్రా., 3 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి 65, నెల నుంచి 3 ఏళ్ళ వరకు 32, నెల లోపు పసికందుకి 16. సాధారణంగా ఒకే ఒక్క మోతాదు. ధూళి మేఘం రావడానికి ముందు 24 గంటల లోపు గానీ, వచ్చాక 2 గంటల లోపు గానీ వేసుకుంటే పూర్తి ఫలితం ఉంటుంది. 8 గంటల వరకు కొంత ఉపయోగం ఉంటుంది. ఒక రోజు దాటాక వేసుకుంటే మేలు కంటే కీడే ఎక్కువ. పిల్లలు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ముందు. 40 దాటినవాళ్ళకి అంత అవసరం ఉండదు. థైరాయిడ్ జబ్బు ఉన్నవాళ్ళు ఇప్పుడే డాక్టర్‌తో మాట్లాడి పెట్టుకోండి.

అధికారులు చెప్పకుండా వేసుకోకండి. ఈ మాత్ర సీజియం లాంటి ఇతర రేడియోధార్మిక పదార్థాల నుంచి కాపాడదు, ఒంటి మీద పడే రేడియేషన్ నుంచి కాపాడదు. అయోడిన్ ఉప్పు దీనికి బదులు కాదు. 2011లో చైనాలో జనం ఉప్పు ప్యాకెట్ల కోసం ఎగబడ్డారు, ఫలితం ఏమీ లేదు. పుండ్లకి రాసే అయోడిన్ మందు పొరపాటున కూడా తాగకూడదు. మీ ఏరియాకి కేటాయించిన మాత్రలు ఎక్కడ నిల్వ ఉన్నాయో, ఎవరు ఇంటింటికీ తెస్తారో పీహెచ్‌సీలో అడగండి. ఫుకుషిమాలో చాలా ఊళ్ళలో మాత్రలు ఉన్నాయి గానీ పంచమన్న ఆదేశం అందలేదు. మిహారు అనే పట్నం మాత్రం మార్చి 15న సొంతంగా నిర్ణయించి పంచేసింది.

పాలు, బావినీళ్ళు, ఆకుకూరలు

చెర్నోబిల్ తర్వాత పిల్లలకి జరిగిన కీడులో ఎక్కువ భాగం పాల వల్లే. గడ్డి మీద పడిన అయోడిన్ ఆవు తిన్నది, పాలలోకి వచ్చింది, పిల్లలు తాగారు. అప్పట్లో పిల్లలుగా, టీనేజీలో ఉన్నవాళ్ళలో 2005 నాటికి 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సర్లు కనబడ్డాయి. వాటిలో పెద్ద భాగం ఆ పాలు ఆపి ఉంటే రాకపోయేవి. పోలండ్ వెంటనే కదిలి కోటి మందికి పైగా పిల్లలకి అయోడిన్ ఇచ్చింది.

కాబట్టి కబురు వచ్చాక ఊళ్ళో పాలు, తెరిచి ఉన్న బావి లేదా చెరువు నీళ్ళు, డాబా మీద పట్టిన వాననీళ్ళు, తోటలో కోసిన ఆకుకూరలు పరీక్షించి సరే అనేదాకా వాడకండి. బోరు నీళ్ళకి వెంటనే ముప్పు ఉండదు, అయినా అధికారుల మాట కోసం ఆగండి. పాలపొడి డబ్బా ఒకటి, మనిషికి కనీసం మూడు రోజులకి సరిపడా మంచినీళ్ళు ఇంట్లో ఉండాలి. అయోడిన్-131 సగం అవడానికి 8 రోజులు పడుతుంది, మూడు నెలలకి దాదాపు లేనట్టే. సీజియం-137 సగం అవడానికి 30 ఏళ్ళు. నేలా పంటల మీద ఏళ్ళ తరబడి ఆంక్షలు ఉండేది దానివల్లే.

ఊరు వదలమన్నప్పుడు

ఫుకుషిమాలో 1.5 లక్షల మందికి పైగా ఇళ్ళు వదిలారు. రేడియేషన్ వల్ల స్థానిక ప్రజల ఆరోగ్యం దెబ్బతిన్నట్టు ఆధారాలు లేవని ఐక్యరాజ్య సమితి శాస్త్రీయ కమిటీ తేల్చింది. కానీ ఆ ఒక్క జిల్లాలో తరలింపు కష్టాలు, శిబిరాల బతుకు, వైద్యం అందకపోవడం, మనోవేదన లాంటి కారణాలతో చనిపోయినట్టు నమోదైనవాళ్ళు 2,300 మందికి పైగా. అక్కడ భూకంపం, సునామీలతో నేరుగా పోయినవాళ్ళ కంటే ఎక్కువ. పోయినవాళ్ళలో అత్యధికులు వృద్ధులు. ఓకుమా పట్నంలోని ఫుతాబా ఆస్పత్రిలో నడవలేని రోగుల్ని బస్సుల్లో ఎక్కించి, తోడు నర్సులు లేకుండా, గంటల తరబడి తిప్పారు. మొత్తం 40 మందికి పైగా చనిపోయారు. ఈ అంకెలు చదివినప్పుడల్లా నాకు మన ఇళ్ళలో మంచం మీదున్న తాతలూ నానమ్మలే గుర్తొస్తారు.

అందుకే ప్లాన్‌లో వాళ్ళ పేజీ ముందు రాయండి. నడవగలరా, కూర్చోగలరా, పడుకునే ప్రయాణం చేయాలా? ఆక్సిజన్, డయాలసిస్, ఇన్సులిన్ అవసరమా? ఇన్సులిన్‌కి ఐస్‌ప్యాక్ డబ్బా ఉందా? వాళ్ళ మందుల చీటీ ఫోటో ముగ్గురి ఫోన్లలో ఉండాలి, రెండు వారాల మందులు ఎప్పుడూ నిల్వ ఉండాలి. మంచం దిగలేని వాళ్ళని కదిలించడానికి అంబులెన్స్ కావాలని పంచాయతీలో, పీహెచ్‌సీలో ముందే పేరు రాయించండి. అంబులెన్స్, చేరే చోట డాక్టరు సిద్ధమయ్యేదాకా, ఒక మనిషి తోడుగా ఉండి, వాళ్ళని స్లాబు గదిలోనే ఉంచడం మంచిదా అని అధికారులని గట్టిగా అడగండి.

పిల్లలు స్కూల్లో ఉంటే బండేసుకుని పరిగెత్తకండి. తల్లిదండ్రులంతా ఒకేసారి గేటు దగ్గర చేరితే బస్సులు కదలవు. స్కూలు ప్లాన్ ఏమిటి, పిల్లల్ని ఏ ఊరికి తీసుకెళ్తారు, మీరు రాలేకపోతే ఎవరికి అప్పగించొచ్చు అని ఈ వారమే అడిగి రాసుకోండి.

సంచి విషయం చిన్నదే. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, భూమి కాగితాలు, సర్టిఫికెట్లు ప్లాస్టిక్ కవర్లో. మందులు, కళ్ళజోడు, టార్చి, పవర్ బ్యాంక్, చిల్లర నోట్లు, ఒక్కొక్కరికి రెండు జతల బట్టలు, శానిటరీ ప్యాడ్లు, అటుకులో బిస్కెట్లో. కాగితాలు తప్పకుండా పెట్టమనడానికి కారణం ఉంది. ప్రిప్యాత్ వాళ్ళకి మూడు రోజుల్లో తిరిగొస్తారని చెప్పి బస్సులెక్కించారు. ఆ పట్నంలో మళ్ళీ ఎవరూ కాపురం పెట్టలేదు.

వెళ్ళేముందు గ్యాస్, మెయిన్ ఆపండి, తాళం వేయండి. కారు అద్దాలు మూసి, బయటి గాలి లోపలికి రాకుండా ఏసీని రీసర్క్యులేషన్‌లో పెట్టండి. బంధువుల ఇంటికి వెళ్ళేటట్టయినా ముందు అధికారుల శిబిరంలో పేరు రాయించుకుని, రేడియేషన్ మీటరుతో పరీక్ష చేయించుకుని వెళ్ళండి. తర్వాత నష్టపరిహారం, వైద్య పరీక్షలు, అన్నిటికీ ఆ నమోదే ఆధారం.

అమెరికా, కెనడాలో ఉన్నవాళ్ళకి

నార్త్ కరొలైనాలో ఏపెక్స్, హాలీ స్ప్రింగ్స్‌లలో చాలా ప్రాంతం షీరన్ హ్యారిస్ అణు ప్లాంట్ 10 మైళ్ళ ఎమర్జెన్సీ జోన్‌లోకి వస్తుంది. ఇంటికొచ్చే ఎమర్జెన్సీ బుక్‌లెట్‌ని జంక్ మెయిల్‌తో పాటు పారేయకండి. అందులో మీ జోన్, చేరాల్సిన సెంటర్, స్కూళ్ళ వివరాలు ఉంటాయి. కెనడాలోని ఒంటారియోలో పికరింగ్ అణు ప్లాంట్‌కి 10 కి.మీ. లోపలి ఇళ్ళకి అయోడిన్ మాత్రలు పంపుతారు, 50 కి.మీ. లోపల ఉన్నవాళ్ళు అడిగితే ఉచితంగా ఇస్తారు. 2020 జనవరి 12 ఉదయం అక్కడ పొరపాటున ఒంటారియో అంతా అలర్టు వెళ్ళింది. ఆ తర్వాత రెండు రోజుల్లో మాత్రల కోసం వేల ఆర్డర్లు వచ్చాయి. మీరు ఇప్పుడే తెప్పించి పెట్టుకోండి.

మాక్ డ్రిల్ రోజున, ప్రజాభిప్రాయ సేకరణలో

మన ప్లాంట్ల చుట్టూ ఆఫ్‌సైట్ ఎమర్జెన్సీ మాక్ డ్రిల్స్ జరుగుతుంటాయి. సైరన్ మోగుతుంది, పోలీసులు రోడ్లు మూస్తారు, ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళు వస్తారు. ఆ రోజు ఇంట్లో మీ ప్లాన్ కూడా నడిపి చూడండి. తలుపులన్నీ మూయడానికి ఎన్ని నిమిషాలు పట్టింది, సైరన్ మీ పడకగదిలోకి వినబడిందా, రేడియోలో బ్యాటరీ ఉందా. వినబడకపోతే రాతపూర్వకంగా తహసీల్దార్‌కి ఇవ్వండి.

శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో 1,208 మెగావాట్ల చొప్పున 6 రియాక్టర్ల ప్రతిపాదన ఉంది. ప్లాంట్ కావాలన్నవాళ్ళూ వద్దన్నవాళ్ళూ కూడా అక్కడి సభల్లో ఇవి అడగొచ్చు: 16 కి.మీ. లోపల పెంకుటిళ్ళలో, రేకుల ఇళ్ళలో ఉన్న కుటుంబాలు తలదాచుకోవడానికి ఏ బిల్డింగులు కేటాయించారు? వేటకెళ్ళి సముద్రంలో ఉన్నవాళ్ళకి కబురు ఎలా చేరుతుంది? హైవే ఒక్కటే దారి అయితే, అది తుఫానుకి మునిగిన రోజు ఇంకో దారి ఏది? అయోడిన్ మాత్రలు ఏ పీహెచ్‌సీలో, ఎన్ని, ఏ తేదీ వరకు పనిచేస్తాయి? మంచం దిగలేని వాళ్ళ జాబితా ఎవరి దగ్గర ఉంటుంది, ఏడాదికి ఎన్నిసార్లు సరిచూస్తారు? జవాబులు మినిట్స్‌లో రాయించి, కాపీ ఒకటి పంచాయతీ ఆఫీసులో ఉంచమని అడగండి.